హాంక్ మిగిల్చిన గుండు

నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను చెప్పడం ఆపేస్తాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకు జరిగింది... నా చేతుల్లో జరిగింది. మా అమ్మాయి మీద ఒట్టు. సాక్షి కావాలా? అదిగో, వంటింట్లో టీ పెడుతోంది మా ఆవిడ శైలజ. వెళ్లి అడగండి. కాకపోతే నేను చెప్పడం పూర్తయ్యాక అడగండి.

ఇంకో మాట. నేను తేలిగ్గా దేన్నీ నమ్మే మనిషిని కాను. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగే నా తిండి. ఎవరైనా "పనిచేస్తోంది" అంటే "ఏదీ, చూపించు" అంటాను. చూపిస్తే "మళ్లీ చూపించు" అంటాను. ఆఫీసులో డెవలపర్లు నన్ను చూస్తే దారి మార్చుకుంటారు. అలాంటివాణ్ణి ఆ సాయంత్రం ఒక తుపాకీని రెండు రకాలుగా టెస్ట్ చేశాను. రెండు సార్లూ ఒకటే జవాబు వచ్చింది. అదే నా బాధ.

ముందు హాంక్ గురించి చెప్పాలి.

హాంక్ శాన్ రామన్‌లో మా పక్కింటాయన. డెబ్బై దాటిన మనిషి, తల పండిపోయింది, చేతులు మాత్రం వడ్రంగి చేతుల్లా ఉండేవి. ఆయనతో పరిచయం దీపావళి నాడే అయింది. జూలై నాలుగున ఇక్కడి స్వాతంత్ర్య దినానికి పక్క ఊళ్లో కొని, గరాజ్‌లో దాచిపెట్టిన చిచ్చుబుడ్డి ఒకటి ఉంటే పెరట్లో వెలిగించాం. మా ఊళ్లో అవి కాల్చకూడదు. ఒక్కటే కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాం. అది ఇంకా పూలు పోస్తుండగానే కంచె మీదుగా ఓ తెల్లటి తల పైకి లేచింది.

అయిపోయాం రా దేవుడా, పోలీసులకు ఫోన్ చేస్తాడు అనుకున్నాను. శైలజ కంగారులో ప్రమిదలు కూడా ఆర్పేయబోయింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ముక్కుతో గట్టిగా పీల్చాడు. "మా ఇంట్లో ఆదివారాలు ఇదే వాసన" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం నన్ను లోయలో తుపాకులు కాల్చే మైదానానికి తీసుకెళ్లాడు, గుళ్లు ఆగడానికి అక్కడ మట్టి గట్లున్నాయి. అక్కడే చూపించాడు. పాతకాలపు క్యాప్ రైఫిల్. బంగారం కోసం జనం కాలిఫోర్నియాకి ఎగబడ్డ రోజుల్లో వాళ్ల ముత్తాత తెచ్చుకున్నదట. దానికి తూటాలుండవు. గొట్టం మూతిలోంచే మందు పోయాలి. దాని మీద నూనెగుడ్డలాంటి చిన్న బట్టముక్క పరిచి, సీసపు గుండు పెట్టి, పొడుగాటి కర్రతో అడుగుదాకా కూరాలి. వెనక వైపు నిపుల్ అని చిన్న మొన ఉంటుంది, దానికి సన్నటి రంధ్రం. ఆ మొన మీద గింజంత రాగి క్యాప్ తొడిగితే, సుత్తి వచ్చి దాన్ని కొడుతుంది. టప్ మని నిప్పు పుట్టి రంధ్రంలోంచి లోపలికి పోతుంది. అప్పుడు ధుమ్... కళ్ల ముందు తెల్లటి పొగ.

ఆ పొగ వాసన తగలగానే నేను నలభై ఏళ్లవాణ్ణన్న సంగతి మర్చిపోయాను. చిన్నప్పుడు మా చిన్నాన్న ఇంట్లోనే చిచ్చుబుడ్లు కూరేవాడు. సూరేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను. నేను పక్కన కూర్చుని మట్టి బుడ్లు అందించేవాణ్ణి. గట్టిగా కూరితే పగులుతుంది, వదులుగా కూరితే తుస్సుమంటుంది. ఆయన కర్రతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఆఁ, ఇది పలికింది" అనేవాడు. హాంక్ కూడా అచ్చం అలాగే కర్ర చప్పుడు వినేవాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. పొగ వల్ల అని చెప్పాను.

మొదటి రోజే ఒక తప్పు చేయబోయాను. మనవాళ్లు మాత్రమే చేసే తప్పు. క్యాప్ టప్ మంది గానీ తుపాకీ పేలలేదు. చిచ్చుబుడ్డి అంటుకోకపోతే మనం ఏం చేస్తాం? దగ్గరికెళ్లి, వంగి, ఊదుతాం! ప్రతి పండక్కీ తిట్లు తిన్నా ఊదుతాం. నేను తుపాకీ దించి, గొట్టం మీదికి మొహం వంచబోయాను. హాంక్ ఒక చేత్తో గొట్టాన్ని గట్టు వైపు తిప్పి, ఇంకో చేత్తో నా కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. ఎంత గట్టిగా అంటే గుండీ ఊడిపోయింది.

"పేలకపోతే దించకు. గట్టు వైపే పట్టుకుని నిలబడు. లోపల ఎవరో ఆలోచిస్తున్నారనుకో. ఆలోచించుకోనీ."

అప్పుడే... ధుమ్! ఆ గుండు మట్టి గట్టులోకి పోయింది. ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. కాలరు సరిచేసి, భుజం తట్టాడు.

కానీ పేలిన తర్వాత ఊదేవాడు. అది ఆయన అలవాటు. లోపల నిప్పురవ్వ మిగలకూడదని గొట్టం మూతికి నోరు ఆనించి, ఒకటే ఊపిరి... నెమ్మదిగా... పొడుగ్గా... నిపుల్ రంధ్రంలోంచి పొగ సన్నటి దారంలా వచ్చేది. అంత పొడుగు ఊపిరి నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు.

ఆ బట్టముక్కల సంగతి కూడా చెప్పాలి, మళ్లీ పనికొస్తుంది. కొట్లో కొన్నవి ఆయనకు నచ్చేవి కావు. నేత చిక్కగా ఉండాలి అనేవాడు. నా దగ్గర ఒక పాత చీరాల గళ్ల లుంగీ ఉండేది, నీలం తెలుపు గళ్లు. శైలజ దాన్ని ఎప్పుడెప్పుడు పారేద్దామా అని చూస్తోంది. తీసుకెళ్లి ఇచ్చాను. హాంక్ గుండ్రటి ముక్కలు కత్తిరించి, ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడిపి వాడేవాడు. గురి కుదిరిందని పొంగిపోయాడు. నా లుంగీ అమెరికాలో ఇంత పేరు తెచ్చుకుంటుందని కలలో కూడా అనుకోలేదు.

ఆయన భార్య డోరతీ ఎప్పుడూ వెంట వచ్చేది. తుపాకీ ముట్టుకునేది కాదు. ట్రక్కులో కిటికీ దించుకుని, స్వెటర్ అల్లుకుంటూ కూర్చునేది. చాలనిపించినప్పుడు హారన్ ఒక్కసారి కొట్టేది. అంటే ఇంటికి పోదాం పద అని.

ఆరేడేళ్లు అలా గడిచాయి. వీసా గొడవ, గ్రీన్ కార్డ్ గొడవ, లేఆఫ్ భయాలు... నెత్తి మీద ఏమున్నా, ఆదివారం ఆ పొగ పీలిస్తే తేలికపడేవాణ్ణి.

రెండేళ్ల కిందట శీతాకాలంలో ఒక వారం నేను వెళ్లలేకపోయాను. ఆఫీసులో రిలీజ్. హాంక్, డోరతీ ఇద్దరే వెళ్లారు. చివరి గుండు కూరేసరికి పొగమంచు దిగి గట్టు కనిపించకుండా పోయిందట. "ఇది ఉండనీలే. మళ్లీ వచ్చినప్పుడు నీకు వినిపిస్తా" అని క్యాప్ తీసేసి ఇంటికి తెచ్చాడట. నెల తిరక్కుండా పక్షవాతం వచ్చి పోయాడు. ఆ 'మళ్లీ' ఇక రాలేదు.

ఏడాదిపాటు తుపాకీ వాళ్ల హాల్లో గోడ మీదే ఉంది. డోరతీ ఇల్లు అమ్మేసి ఒరెగాన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోవడానికి సిద్ధమైంది. తుపాకీ హాంక్ మేనల్లుడికి ఇచ్చేస్తోంది. అతను ఆదివారం పొద్దున్నే వస్తాడు. గుండు తీయించేసి, అద్దాల బీరువాలో పెట్టుకుంటాడు.

ముందురోజు శనివారం ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "కిషోర్, అది తీయించడానికి నాకు మనసొప్పడం లేదు. ఆయన నా కోసం కూరింది. ఒక్కసారి వింటాను. కాలుస్తావా?"

కాదని ఎలా అంటాను? నాకు మా అటక గుర్తొచ్చింది. మా చిన్నాన్న పోయిన ఏడాది, ఇంట్లో పండగ లేదు కదా, ఆయన కూరిన చిచ్చుబుడ్ల బుట్ట అటకెక్కించారు. మరుసటి ఏడు దించాం. పిన్ని అరుగు మీద కూర్చుని చూస్తోంది. ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటి అంటుకోలేదు. చెమ్మ పట్టేసింది. నేను వంగి వంగి ఊదాను. పిన్ని లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ నడక నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే ఆ శనివారం సాయంత్రమే బయల్దేరాం. డోరతీ ట్రక్కు నేనే నడిపాను. పక్కన ఆవిడ, వెనక సీట్లో శైలజ, దాని ఒడిలో బొంతలో చుట్టిన తుపాకీ. లోయలోకి దిగేసరికి పొగమంచు. ఇక్కడి శీతాకాలం సంగతి మీకు తెలుసుగా, హెడ్‌లైట్ వేస్తే గోడ మీద వేసినట్టుంటుంది. ఆ మైదానంలో ఇంకెవరూ లేరు. దగ్గరి మట్టి గట్టు మాత్రం మసకగా కనిపిస్తోంది. చప్పుడు లేదు. ఆకుల మీంచి నీటిబొట్లు... టిప్... టిప్... అంతే.

డోరతీ ట్రక్కులోనే ఉంది. కిటికీ దించుకుంది. ఊలు తెచ్చుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నేను తుపాకీని బల్ల దగ్గరికి తెచ్చాను. పాత మందు, పాత గుండు. కాల్చే ముందు లోపల ఎలా ఉందో చూడాలి కదా. హాంక్ ఆ కూరే కర్ర మీద చాకుతో గీతలు పెట్టాడు. గొట్టం నిండుగా ఉంటే కర్ర రెండు గీతల దగ్గర ఆగుతుంది. ఖాళీగా ఉంటే ఇంకా లోపలికి, ఒంటి గీతదాకా పోతుంది.

కర్ర దింపాను.

టింగ్.

ఒంటి గీత. కర్ర చివరి ఇత్తడి ఇనుముకి తగిలిన చప్పుడు. గుండు మీద పడితే అలా పలకదు, మెత్తగా ఉంటుంది. తీసి మళ్లీ దింపాను. టింగ్. ఒంటి గీతే.

ఖాళీ.

ఆయన కూరలేదా? కూరి తీసేశాడా? ఆవిడే పొరబడిందా? ఏదైనా... ఏడాదిగా ఆ గోడ వైపు చూస్తూ బతికిన మనిషికి "ఇందులో ఏమీ లేదండీ" అని నేనెలా చెప్పను?

సరే, ఇంకో టెస్ట్ ఉంది. నిపుల్ దగ్గర వేలు పెట్టి గొట్టంలో ఊదితే గాలి ధారాళంగా రావాలి. వస్తే ఖాళీ. గుండు ఉంటే రాదు. తుపాకీని నిట్టనిలువుగా నేల మీద ఆనించాను.

"శైలూ, ఇలా కూర్చుని ఈ మొన దగ్గర వేలు పెట్టు. గాలి తగిలితే చెప్పు."

"పేలదు కదా?"

"క్యాప్ లేందే ఎలా పేలుతుంది? పెట్టు."

శైలజ గొణుక్కుంటూ కింద కూర్చుంది. కుడి చూపుడు వేలు పెట్టింది. నేను నోరు ఆనించి ఊదాను. చల్లటి ఇనుము. నాలుక మీద చేదు.

"వస్తోందా?"

"ఆఁ, వస్తోంది."

తేలిపోయింది. ఖాళీ. తలెత్తి ట్రక్కు వైపు చూశాను. మంచులో డోరతీ మొహం సరిగ్గా కనిపించడం లేదు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను...

"చాల్లెండి, ఇక ఆపండి" అంది శైలజ.

"ఏంటి ఆపేది?"

"ఊదడం."

నాకు అర్థం కాలేదు. "నేను ఊదడం లేదే."

శైలజ తలెత్తి చూసింది. నేను నిటారుగా నిలబడి ఉన్నాను. నా నోటికీ ఆ గొట్టానికీ మధ్య మూరెడు దూరం. ఆవిడ వేలు మాత్రం ఇంకా అక్కడే ఉంది. తీయడం లేదు. తీయలేకపోతోందో ఏమో.

"వస్తోందండీ..." అంది. "వెచ్చగా... ఇంకా వస్తోంది."

వంగి చూశాను. దాని గోరు పక్క నుంచి సన్నటి ఆవిరి. దారంలా. ఆ చలిలో స్పష్టంగా కనిపిస్తోంది. ఆగి ఆగి రావడం లేదు. ఒకటే ఊపిరి. నెమ్మదిగా... పొడుగ్గా... నీటిబొట్ల చప్పుడు కూడా ఆగిపోయినట్టు అనిపించింది. అది అలా వస్తూనే ఉంది... వస్తూనే ఉంది... తర్వాత ఆగిపోయింది.

శైలజ వేలు లాక్కుని స్వెటర్‌కి గట్టిగా తుడుచుకుంది. నేను ఏదో అన్నాను. ఇనుము చల్లగా ఉంది, నా ఊపిరి వెచ్చన, లోపల చిక్కుకున్న గాలి మెల్లగా వచ్చిందేమో అని. "అంతసేపా?" అంది. భయమేసింది. దాచుకోవడమెందుకు?

వెళ్లిపోదాం అంది శైలజ. "ఆవిడకేం చెప్దాం?" అన్నాను. ఇద్దరం ట్రక్కు వైపు చూశాం. ఆవిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుని, వినడానికి సిద్ధంగా ఉంది.

నావల్ల కాలేదు. "నేనే ఒకటి కూరి కాల్చేస్తా శైలూ. ఆయనదే అనుకుంటుంది. ఏం పోయింది?" అన్నాను. శైలజ నా వైపు అదోలా చూసింది గానీ వద్దనలేదు.

కూరే ముందు ఉత్త క్యాప్ ఒకటి కొట్టి రంధ్రం ఎండబెట్టాలి. అది పద్ధతి. క్యాప్ తొడిగాను. ఖాళీదైనా నిండుదే అనుకో అనేవాడు హాంక్, అందుకని గట్టు వైపే గురిపెట్టి భుజానికి ఆనించాను. మామూలుగా ఇలాంటప్పుడు టప్ అని, కాస్త పొగ, అంతే.

నొక్కాను.

టప్.

అంతే. అనుకున్నట్టే. దించబోయాను... దించలేదు. ఎందుకో తెలీదు. నా కాలరు వెనక ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది. అది అలవాటో ఏమో, నేను వాదించను. అలాగే నిలబడిపోయాను. లోపల ఎవరో ఆలోచిస్తున్నారు... ఆలోచించుకోనీ...

ధుమ్!

భుజం వెనక్కి తన్నింది. పొగ మంచులో కలిసి మొత్తం తెల్లబడిపోయింది. గట్టులో మట్టి రాలిన చప్పుడు. శైలజ చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయింది. నాకు చిన్నప్పటి వాసన. అటక వాసన, పిన్ని అరుగు వాసన, ఆదివారాల వాసన. ఆ క్షణంలో భయం లేదు, నమ్మండి. ఏడుపొచ్చింది.

అప్పుడు మంచులోంచి హారన్. ఒక్కసారి.

పేలాక గొట్టంలో ఊదాలి. నేను ఊదలేదు. ఆ గొట్టానికి మళ్లీ నోరు పెట్టే ధైర్యం నాకు లేదు. తుపాకీ బల్ల మీద పెట్టి, ఫోన్ లైట్ వేసుకుని ముందుకు నడిచాను. గుండుతోపాటు బయటికొచ్చే బట్టముక్క కొంచెం దూరంలోనే పడుతుంది. దొరికింది. గడ్డి మీద, అంచులు కాలిపోయి. నేను ఆ రోజు తెచ్చినవి కొట్లో కొన్న తెల్ల ముక్కలు, వాటి ప్యాకెట్ ఇంకా చించనైనా లేదు.

ఇది నీలం తెలుపు గళ్లు.

నా లుంగీ. తడిగా ఉంది. పొగమంచు తడే అయ్యుంటుంది, గడ్డి మీద పడింది కదా. అలాగే అనుకుందాం.

ట్రక్కు దగ్గరికి వెళ్లాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక నోరు తెరిచి నిలబడ్డాను. డోరతీ కళ్లు తుడుచుకుంటోంది, నవ్వుతోంది కూడా.

"మందు తక్కువ పోస్తాడు ఆయన" అంది. "నువ్వు కాలిస్తే తలుపు ధడాలున వేసినట్టుంటుంది. ఆయనది మెల్లగా చేరవేసినట్టుంటుంది. ఇన్నేళ్లు ఈ కిటికీలోంచి విన్నాను, నాకు తెలీదా? థాంక్యూ కిషోర్. ఇంక ఇంటికి పోదాం."

మర్నాడు మేనల్లుడు వచ్చి తుపాకీ తీసుకెళ్లాడు. ఆ వారంలోనే ఆవిడ ఒరెగాన్ వెళ్లిపోయింది. పక్కింట్లోకి ఎవరో కొత్తగా పెళ్లైన జంట వచ్చారు. మా దీపావళికి కంచె మీద నుంచి ఇప్పుడు ఎవరూ తొంగిచూడరు.

నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కర్ర గీత తప్పు చూశానా? చూసే ఉంటాను, చీకటి పడుతోంది. మరి టింగ్ మన్న చప్పుడు? సరే, చెవులు కూడా పొరబడ్డాయి. మరి గాలి? గుండు ఉంటే గాలి రాదు. గాలి వస్తే గుండు లేదు. రెండూ ఎలా ఉంటాయి? ఒకవేళ మొదట్నుంచీ గుండు ఉంటే... నిండు తుపాకీ మూతికి నోరు ఆనించి ఊదానన్నమాట. ఒకవేళ లేకపోతే... అది ఎప్పుడు వచ్చింది?

మొన్న ఉండబట్టలేక డోరతీకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పేశాను. గీత, చప్పుడు, గాలి, అన్నీ. ఖాళీ అని రెండుసార్లు చూశానండీ అన్నాను. ఆవిడ నెమ్మదిగా అంది. "నువ్వు రెండుసార్లు చూశావు. నేను ఏడాదంతా రోజూ చూశాను కిషోర్. ఆయన అందులోనే ఉన్నాడు."

గుండు అందులోనే ఉంది అనబోయి అలా అందో, ఏమో. నేను మళ్లీ అడగలేదు.

ఆ గళ్ల ముక్క నా పర్సులో ఉంది. కావాలంటే చూపిస్తాను, పట్టుకోనివ్వను. అదిగో, టీ వస్తోంది. శైలజను ఏమైనా అడగండి, చెబుతుంది. ఆ గాలి ఎలా ఉందని మాత్రం అడగకండి. అడిగిన ప్రతిసారీ ఆ వేలు చున్నీకి తుడుచుకుంటుంది.